కెమికల్ ఈక్వేషన్ బ్యాలెన్స్ చేయడం: ఏ ఈక్వేషన్‌కి ఏ పద్ధతి పట్టుకోవాలి

సీబీఎస్ఈ పదో తరగతి సైన్స్‌లో మొదటి పాఠమే కెమికల్ రియాక్షన్స్ అండ్ ఈక్వేషన్స్. అక్కడ మొదలైన బ్యాలెన్సింగ్ (బాణానికి రెండు పక్కలా ఆటమ్‌ల లెక్క సమానం చేయడం) పదకొండులో రెడాక్స్ (ఎలక్ట్రాన్లు చేతులు మారే రియాక్షన్లు) దగ్గర మళ్ళీ ఎదురొస్తుంది, పన్నెండులో టైట్రేషన్ ప్రాక్టికల్స్‌లో ఇంకోసారి, జేఈఈకో నీట్‌కో చదివితే ఇక చెప్పక్కర్లేదు. చెన్నైలో మన తెలుగు పిల్లల పరిస్థితి కొంచెం గమ్మత్తుగా ఉంటుంది, క్లాసులో టీచర్ ఇంగ్లీషులో చెప్తుంది, పక్క బెంచీ ఫ్రెండ్ తమిళంలో విడమర్చి చెప్తాడు, ఇంటికొచ్చాక అమ్మో నాన్నో "ఏం నేర్చుకున్నావ్ రా" అని తెలుగులో అడుగుతారు, వాడు నోట్‌బుక్ తీసి "ఇటు 2 వెయ్యాలి, అటు 3 వెయ్యాలి" అంటాడు, ఎందుకు వెయ్యాలో మాత్రం మూడు భాషల్లో ఏ భాషలోనూ చెప్పలేడు. పెరంబూర్ వైపు ఉంటూ సాయంత్రాలు పిల్లలకి కెమిస్ట్రీ చెప్తుంటా కాబట్టి ఇది నాకు రోజూ కనిపించేదే.

అసలు గొడవ ఎక్కడంటే అంకెలు వేస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు సరిపోతుందిలే అనే అలవాటు. చిన్న ఈక్వేషన్లకి అది నడుస్తుంది, పెద్దవాటికి నడవదు. పద్ధతులు నాలుగున్నాయి, ఈక్వేషన్ మొహం చూసి ఏది పట్టుకోవాలో తేల్చుకోవాలి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తా, ఇవన్నీ లెక్క సరిచేసే పద్ధతులే, రియాక్షన్ నిజంగా అలా జరుగుతుందా లేదా అన్నది ఆ లెక్కకి తెలీదు. అది ఎక్కడ కొంప ముంచుతుందో చివర్లో ఒక ఈక్వేషన్‌తో చూపిస్తా.

ఫార్ములాలు మనం నోటితో పలికినట్టే తెలుగక్షరాల్లో రాస్తున్నా. కింద చిన్నగా ఉన్న అంకె సబ్‌స్క్రిప్ట్, అంటే ఒక మాలిక్యూల్‌లో ఆ ఎలిమెంట్ ఆటమ్‌లు ఎన్నో చెప్పేది. ముందు పెద్దగా ఉన్నది కోఎఫిషియంట్, అంటే అలాంటి మాలిక్యూల్స్ ఎన్నో చెప్పేది. పైన చిన్నగా ఉన్నది ఛార్జ్.

ముందు ఫార్ములాలు సరిచూసుకోండి

పిల్లలు బ్యాలెన్సింగ్ రావట్లేదని తెచ్చే లెక్కల్లో చాలావరకు తప్పు బ్యాలెన్సింగ్‌లో ఉండదు, ఫార్ములాలో ఉంటుంది. అల్యూమినియం సల్ఫేట్ ఎఎల్₂(ఎస్ఓ₄)₃ అయితే ఎఎల్ఎస్ఓ₄ అని రాసేసి అరగంట కుస్తీ పడతారు. కాబట్టి పెన్ను పెట్టేముందు ప్రతి ఫార్ములా వాలెన్సీతో సరిచూసుకోండి, బ్రాకెట్ బయట ఉన్న అంకె లోపలున్న అన్నిటికీ వర్తిస్తుందని గుర్తుపెట్టుకోండి (పైదాంట్లో ఆక్సిజన్ 12, 4 కాదు). హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ ఈ ఏడూ విడిగా ఉన్నప్పుడు జంటగానే ఉంటాయి, హెచ్₂, ఓ₂ అనే రాయాలి.

ఫార్ములా సరిగ్గా రాశాక ఇక సబ్‌స్క్రిప్ట్ ముట్టుకోకూడదు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్ళయ్యే ఈక్వేషన్‌లో కుడి పక్క ఒక ఆక్సిజన్ తక్కువైందని హెచ్₂ఓని హెచ్₂ఓ₂ చేసేవాళ్ళున్నారు. లెక్క సరిపోతుంది నిజమే, కానీ అది నీళ్ళు కాదు, మెడికల్ షాపులో పుండు కడగడానికి అమ్మే పెరాక్సైడ్. మార్చే హక్కు మనకి కోఎఫిషియంట్‌కే ఉంది. ఎందుకంటే లవోయిజియర్ 1789లో అచ్చేసిన పుస్తకంలో చెప్పినట్టు రియాక్షన్‌లో పదార్థం కొత్తగా పుట్టదు, మాయమవదు, ఉన్న ఆటమ్‌లే జోడీలు మార్చుకుంటాయి, బ్యాలెన్సింగ్ మొత్తం ఈ ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది. అయాన్లున్న ఈక్వేషన్ అయితే ఛార్జ్ కూడా అంతే, రెండు పక్కలా సమానం కావాలి.

మొదటి పద్ధతి: చూసి సరిచేయడం, కానీ వరసగా

దీన్నే ఇన్‌స్పెక్షన్ అంటారు, హిట్ అండ్ ట్రయల్ అని కూడా అంటారు, ఆ రెండో పేరు వల్లే పిల్లలు ఇదేదో గుడ్డిగా వెయ్యడం అనుకుంటారు. ఒక వరస పాటిస్తే ఇందులో ట్రయల్ దాదాపు ఉండదు. ఏ ఎలిమెంట్ అయితే రెండు పక్కలా ఒక్కొక్క కాంపౌండ్‌లోనే ఉందో దాంతో మొదలుపెట్టండి. ఓ₂ లాగా, హెచ్₂ లాగా ఒంటరిగా ఉన్న ఎలిమెంట్‌ని చివరికి ఉంచండి, ఎందుకంటే దాని ముందు అంకె మారిస్తే ఇంకే ఎలిమెంటూ కదలదు. సల్ఫేట్, నైట్రేట్ లాంటి గ్రూపులు రెండు పక్కలా చెక్కుచెదరకుండా కనిపిస్తే విడగొట్టకుండా ఒక్క ముక్కగానే లెక్కపెట్టండి.

ఇంట్లో గ్యాస్ సిలిండర్ తీసుకుందాం, అందులో ఉండేది ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. బ్యూటేన్ మండటం చూడండి:

సి₄హెచ్₁₀ + ఓ₂ → సిఓ₂ + హెచ్₂ఓ

కార్బన్ ఎడమ పక్క 4, కాబట్టి సిఓ₂ ముందు 4. హైడ్రోజన్ 10, కాబట్టి నీళ్ళ ముందు 5. ఇప్పుడు కుడి పక్క ఆక్సిజన్ 8 + 5 = 13, ఎడమ పక్క అవి జంటలుగా వస్తాయి కాబట్టి 13/2. ఇక్కడ చాలామంది భయపడి మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలెడతారు, అక్కర్లేదు, భిన్నం ధైర్యంగా రాసేయండి, ఆఖర్న అంతా 2తో గుణించండి:

2సి₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సిఓ₂ + 10హెచ్₂ఓ

నమ్మకం కుదరకపోతే బరువులు వేసి చూడండి. బ్యూటేన్ మోలార్ మాస్ 58, రెండుకి 116 గ్రాములు, ఆక్సిజన్ 13 × 32 = 416, మొత్తం 532. కుడి పక్క 8 × 44 = 352, 10 × 18 = 180, కలిపితే 532. ఇదే నిష్పత్తిలో 14.2 కిలోల సిలిండర్ మొత్తం బ్యూటేనే అనుకుంటే అది పూర్తిగా కాలడానికి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ గాల్లోంచి లాక్కుంటుంది, 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీటి ఆవిరి వదుల్తుంది. ఈ లెక్క చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి, కోఎఫిషియంట్ అంటే పరీక్ష కోసం వేసే అంకె కాదని అప్పుడు తెలుస్తుంది. కిటికీలన్నీ మూసేసి ఆక్సిజన్ సరిపోకపోతే 2 బ్యూటేన్ + 9 ఆక్సిజన్ → 8 కార్బన్ మోనాక్సైడ్ + 10 నీళ్ళు కూడా వీలే, అది కూడా చక్కగా బ్యాలెన్స్ అవుతుంది, మనిషి ప్రాణం తీసే గ్యాస్ అది. ఏది ఎంత తయారవుతుందో తేల్చేది గాలి, మన అంకెలు కాదు.

రైలు పట్టాలు అతికించే థెర్మిట్ వెల్డింగ్ దీనికంటే సులువు, ఎఫ్ఈ₂ఓ₃ + 2ఎఎల్ → ఎఎల్₂ఓ₃ + 2ఎఫ్ఈ, ఆక్సిజన్ అప్పటికే సరిపోయి ఉంటుంది, లోహాలకి 2 వేస్తే అయిపోయింది. మణలిలో ఎరువుల ఫ్యాక్టరీ గోడ పక్కగా ఎప్పుడైనా వెళ్ళుంటే, అక్కడ తయారయ్యే అమ్మోనియా కూడా అంతే, ఎన్₂ + 3హెచ్₂ → 2ఎన్‌హెచ్₃.

కాస్త గట్టిది కావాలంటే పైరైట్ కాల్చడం: ఎఫ్ఈఎస్₂ + ఓ₂ → ఎఫ్ఈ₂ఓ₃ + ఎస్ఓ₂. ఐరన్ కోసం ఎడమ పక్క 2 వేయండి, దాంతో సల్ఫర్ 4 అవుతుంది, ఎస్ఓ₂ ముందు 4. కుడి పక్క ఆక్సిజన్ 3 + 8 = 11, అంటే ఓ₂ ముందు 11/2. రెట్టింపు చేస్తే 4, 11 → 2, 8. ఆక్సిజన్‌తో మొదలెట్టి ఇదే లెక్క చేసి చూడండి, ఎంత తిప్పలు పెడుతుందో తెలుస్తుంది.

రెండో పద్ధతి: ఆల్జీబ్రా

ఒకే ఎలిమెంట్ కుడి పక్క రెండు మూడు చోట్ల ఉంటే చూపు సాయం చేయదు. డైల్యూట్ నైట్రిక్ యాసిడ్‌లో రాగి వేసిన రియాక్షన్‌లో నైట్రోజన్ ఒకటి నైట్రేట్‌లోకి, ఇంకొకటి ఎన్ఓ గ్యాస్‌లోకి పోతుంది. అన్నిటి ముందూ అక్షరాలు పెట్టేయండి:

క సియు + గ హెచ్ఎన్ఓ₃ → చ సియు(ఎన్ఓ₃)₂ + జ ఎన్ఓ + ట హెచ్₂ఓ

ఒక్కో ఎలిమెంట్‌కి ఒక్కో సమీకరణం రాయండి. రాగి: క = చ. హైడ్రోజన్: గ = 2ట. నైట్రోజన్: గ = 2చ + జ. ఆక్సిజన్: 3గ = 6చ + జ + ట. గ బదులు 2ట పెడితే నైట్రోజన్‌ది 2ట = 2చ + జ అవుతుంది, ఆక్సిజన్‌ది 5ట = 6చ + జ అవుతుంది, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 3ట = 4చ. చ = 3, ట = 4 అని పెట్టుకుంటే జ = 2, గ = 8, క = 3. అంతే:

3సియు + 8హెచ్ఎన్ఓ₃ → 3సియు(ఎన్ఓ₃)₂ + 2ఎన్ఓ + 4హెచ్₂ఓ

ఎనిమిది నైట్రిక్ యాసిడ్‌లలో రెండే ఆక్సిడైజ్ చేసే పని (రాగి దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కోవడం) చేశాయి, మిగతా ఆరూ ఊరికే నైట్రేట్‌గా రాగి పక్కన కూర్చున్నాయి, అందుకే చూపుతో చేసేవాళ్ళు ఇక్కడ తడబడతారు.

అక్షరాలు 5, సమీకరణాలు 4, ఒకటి తక్కువ. ఆ ఒక్కటి తక్కువుండటమే మనకి కావాల్సింది, అప్పుడే జవాబు ఒకే నిష్పత్తిగా వస్తుంది. తేడా రెండు వచ్చిందంటే రెండు వేరే రియాక్షన్లని ఒకే గాటన కట్టేశామని అర్థం. పైదాంట్లోనే కుడి పక్క ఎన్ఓతో పాటు ఎన్ఓ₂ కూడా రాసి చూడండి, లెక్కలేనన్ని జవాబులొస్తాయి. సమీకరణాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఒకటి ఇంకోదాన్నించి పుట్టిందేమో చూసుకోవాలి, అలాంటివి రెండూ కలిపి ఒక్కటే కింద లెక్క. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో కంప్యూటర్ ఉద్యోగం చేసే నాన్నలకి ఇది మ్యాట్రిక్స్ నల్‌స్పేస్ అంటే ఠక్కున వెలుగుతుంది, పైథాన్‌లో సింపై లైబ్రరీ వాడితే నాలుగు లైన్ల పని. పరీక్ష హాల్లో మాత్రం ఈ పద్ధతి టైమ్ తినేస్తుంది, ఐదారు అక్షరాలు దాటితే నేను వద్దనే చెప్తా.

మూడో పద్ధతి: ఆక్సిడేషన్ నంబర్

రెడాక్స్ అని అనుమానం రాగానే ఇది. ఆక్సిడేషన్ నంబర్ అంటే ఒక ఆటమ్ కాంపౌండ్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టో (+), తీసుకున్నట్టో (−) లెక్కగట్టే అంకె. ఎలక్ట్రాన్లు ఒకరు పోగొట్టుకున్నన్ని ఇంకొకరు తీసుకోవాలి అన్నదొక్కటే సూత్రం. దీని బలం తెలియాలంటే సులువైనది కాదు, మొరటుది తీసుకోవాలి:

ఎఎస్₂ఎస్₃ + హెచ్ఎన్ఓ₃ → హెచ్₃ఎఎస్ఓ₄ + హెచ్₂ఎస్ఓ₄ + ఎన్ఓ

ఆర్సెనిక్ +3 నుంచి +5కి పోయింది, అంటే ఒక్కో ఆటమ్ 2 ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంది, ఫార్ములాలో రెండున్నాయి కాబట్టి 4. సల్ఫర్ −2 నుంచి +6కి, ఒక్కోటి 8, మూడింటికి 24. అంటే ఒక్క ఎఎస్₂ఎస్₃ మొత్తం 28 ఎలక్ట్రాన్లు వదిలేసింది. నైట్రోజన్ +5 నుంచి +2కి దిగింది, ఒక్కోటి 3 తీసుకుంది. 28కీ 3కీ సరిపోవాలంటే అడ్డంగా మార్చేయడమే, ఆర్సెనిక్ సల్ఫైడ్ 3, నైట్రిక్ యాసిడ్ 28. దాంతో కుడి పక్క ఆర్సెనిక్ యాసిడ్ 6, సల్ఫ్యూరిక్ 9, ఎన్ఓ 28. ఇప్పుడు హైడ్రోజన్ చూడండి, ఎడమ 28, కుడి 18 + 18 = 36, ఎనిమిది తక్కువ. ఎడమ పక్క 4 నీళ్ళు కలపండి. ఆక్సిజన్‌ని మనం ఇంతవరకు ముట్టుకోలేదు, కాబట్టి అదే మనకి సాక్షి: ఎడమ 84 + 4 = 88, కుడి 24 + 36 + 28 = 88. సరిపోయింది. 28 అనే అంకె హిట్ అండ్ ట్రయల్‌లో ఎవరికి తడుతుంది చెప్పండి.

పిల్లలు పొరపాటు పడే చోటు ఒకటుంది, మార్పుని ఆటమ్‌కి లెక్కేసి మాలిక్యూల్‌కి లెక్కేయడం మర్చిపోతారు. డైక్రోమేట్‌లో క్రోమియం +6 నుంచి +3కి వస్తే 3 అని రాసేస్తారు, ఒక్క డైక్రోమేట్‌లో క్రోమియంలు రెండు, కాబట్టి 6.

నాలుగో పద్ధతి: హాఫ్ రియాక్షన్

అయాన్లతో, నీళ్ళల్లో జరిగే రెడాక్స్ అయితే నా ఓటు దీనికే. రియాక్షన్‌ని రెండు సగాలుగా కోసి, ఒక్కో సగాన్ని విడిగా సరిచేసి, మళ్ళీ కుట్టేయడం. ప్రతి సగంలోనూ వరస ఇదే: ముందు హైడ్రోజన్, ఆక్సిజన్ కానివి సరిచేయండి, తర్వాత ఆక్సిజన్ తక్కువైన పక్క నీళ్ళు కలపండి, తర్వాత హైడ్రోజన్ తక్కువైన పక్క హెచ్⁺ కలపండి, ఆఖర్న ఛార్జ్ చూసి ఎలక్ట్రాన్లు కలపండి. వరస తప్పొద్దు.

పన్నెండో తరగతి ల్యాబ్‌లో పర్మాంగనేట్‌ని మోర్స్ సాల్ట్‌తో (ఎఫ్ఈ²⁺ ఉండే ఉప్పు) టైట్రేట్ చేస్తారు కదా, అదే:

ఎంఎన్ఓ₄⁻ + 8హెచ్⁺ + 5ఇ⁻ → ఎంఎన్²⁺ + 4హెచ్₂ఓ

ఎఫ్ఈ²⁺ → ఎఫ్ఈ³⁺ + ఇ⁻

రెండోదాన్ని 5తో గుణించి కలిపితే ఎలక్ట్రాన్లు కొట్టుకుపోతాయి:

ఎంఎన్ఓ₄⁻ + 8హెచ్⁺ + 5ఎఫ్ఈ²⁺ → ఎంఎన్²⁺ + 5ఎఫ్ఈ³⁺ + 4హెచ్₂ఓ

ఛార్జ్ ఎడమ −1 + 8 + 10 = 17, కుడి 2 + 15 = 17. బ్యూరెట్ రీడింగ్ లెక్కలో వాడే 1:5 నిష్పత్తి ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఇక్కడి నుంచే వచ్చింది.

బేసిక్ మీడియం అనగానే పిల్లలు ఓహెచ్⁻ని మొదటి నుంచే కలపాలని చూసి చిక్కుల్లో పడతారు. అలా వద్దు, ముందు యాసిడ్‌లో ఉన్నట్టే చేసేయండి, చివర్లో హెచ్⁺లు ఎన్ని మిగిలితే అన్ని ఓహెచ్⁻లు రెండు పక్కలా కలపండి, హెచ్⁺ ఉన్న పక్క అవి నీళ్ళయిపోతాయి. పర్మాంగనేట్, సల్ఫైట్ తీసుకోండి, ఎంఎన్ఓ₂, సల్ఫేట్ వస్తాయి. మొదటి సగానికి 3 ఎలక్ట్రాన్లు, రెండో సగానికి 2, కాబట్టి 2తో, 3తో గుణించి కలిపితే:

2ఎంఎన్ఓ₄⁻ + 3ఎస్ఓ₃²⁻ + 2హెచ్⁺ → 2ఎంఎన్ఓ₂ + 3ఎస్ఓ₄²⁻ + హెచ్₂ఓ

రెండు పక్కలా 2ఓహెచ్⁻ కలిపితే ఎడమ పక్క 2 నీళ్ళు, అందులో ఒకటి కుడి పక్కదానితో కొట్టేస్తే:

2ఎంఎన్ఓ₄⁻ + 3ఎస్ఓ₃²⁻ + హెచ్₂ఓ → 2ఎంఎన్ఓ₂ + 3ఎస్ఓ₄²⁻ + 2ఓహెచ్⁻

ఒకే ఎలిమెంట్ తనే ఆక్సిడైజ్ అయి తనే రెడ్యూస్ అయితే (డిస్‌ప్రపోర్షనేషన్) కంగారు పడక్కర్లేదు, దాన్ని రెండు సగాల్లోనూ రాయండి. వేడి సోడియం హైడ్రాక్సైడ్‌లోకి క్లోరిన్ పంపితే 3సిఎల్₂ + 6ఎన్ఎఓహెచ్ → 5ఎన్ఎసిఎల్ + ఎన్ఎసిఎల్ఓ₃ + 3హెచ్₂ఓ, ఐదు క్లోరిన్లు ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకున్నాయి, ఒక్క క్లోరినే ఐదూ ఇచ్చేసింది.

లెక్క సరిపోయినా తప్పయ్యే ఈక్వేషన్

ఇప్పుడు మొదట్లో అన్న ఈక్వేషన్. యాసిడ్‌లో పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్. ఈ రెండూ చూడండి:

2కెఎంఎన్ఓ₄ + 3హెచ్₂ఎస్ఓ₄ + హెచ్₂ఓ₂ → కె₂ఎస్ఓ₄ + 2ఎంఎన్ఎస్ఓ₄ + 4హెచ్₂ఓ + 3ఓ₂

2కెఎంఎన్ఓ₄ + 3హెచ్₂ఎస్ఓ₄ + 5హెచ్₂ఓ₂ → కె₂ఎస్ఓ₄ + 2ఎంఎన్ఎస్ఓ₄ + 8హెచ్₂ఓ + 5ఓ₂

రెండూ ఆటమ్ ఆటమ్‌కీ సరిపోయాయి, లెక్కపెట్టుకోండి. పెరాక్సైడ్ 3 వేసినా సరిపోతుంది (నీళ్ళు 6, ఆక్సిజన్ 4), 7 వేసినా సరిపోతుంది. ఎందుకంటే పెరాక్సైడ్ తనంతట తనే 2హెచ్₂ఓ₂ → 2హెచ్₂ఓ + ఓ₂ అని విడిపోగలదు, ఆ ఈక్వేషన్‌ని పైదానికి ఎన్నిసార్లు కలిపినా బ్యాలెన్స్ చెడదు. ఆల్జీబ్రాతో పోతే అక్షరాలు 7, పనికొచ్చే సమీకరణాలు 5, తేడా రెండు. సాఫ్ట్‌వేర్‌కిచ్చినా ఇదే తంటా.

ఎలక్ట్రాన్లు లెక్కపెడితే గొడవే లేదు. మాంగనీస్ +7 నుంచి +2, ఒక్కోటి 5, రెండింటికి 10. పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ −1 నుంచి 0, ఒక్క మాలిక్యూల్ 2 ఇస్తుంది. పదికి ఐదు పెరాక్సైడ్‌లు కావాలి, వచ్చే ఓ₂ మొత్తం పెరాక్సైడ్‌లోంచే కాబట్టి అదీ ఐదే. మొదటి ఈక్వేషన్‌లో ఒక్క పెరాక్సైడ్ నుంచి మూడు ఓ₂ ఎలా వస్తాయి? పర్మాంగనేట్ ఆక్సిజన్ కూడా గ్యాస్‌గా మారితేనే కదా, అలా జరగదు, అది నీళ్ళల్లోకి పోతుంది. ల్యాబ్‌లో పెరాక్సైడ్ బలం కొలిచేటప్పుడు వాడేది 2:5 మాత్రమే, 2:1 వేస్తే పెరాక్సైడ్ ఐదో వంతే ఉందని చూపిస్తుంది. అందుకే రెడాక్స్‌లో ఆటమ్‌లు సరిపోయాయి అని ఆగిపోవద్దంటా, ఎలక్ట్రాన్లు కూడా సరిపోయాయా అని అడగండి.

మరి ఎలా ఎంచుకోవాలి అంటే, నేనైతే ఇలా చూస్తా: ఏ ఎలిమెంట్ ఆక్సిడేషన్ నంబరూ మారకపోతే, లేదా ఊరికే మంటపెట్టి కాల్చడమైతే చూపు చాలు, అయాన్లూ ఛార్జీలూ కనిపిస్తే హాఫ్ రియాక్షన్, పూర్తి ఫార్ములాలతో ఇచ్చిన రెడాక్స్ అయితే ఆక్సిడేషన్ నంబర్, ఏదీ తెగకపోతే ఆల్జీబ్రా. ఏదైనా సరే చివర్లో మీరు వాడని ఎలిమెంట్ ఒకటి పట్టుకుని (ఎక్కువగా అది ఆక్సిజనే) రెండు పక్కలా లెక్కపెట్టండి, కోఎఫిషియంట్లన్నీ ఒకే అంకెతో భాగించగలమేమో చూడండి, 2, 4 → 2, 4 అని వదిలేస్తే మార్కు పోతుంది.

చేసి చూడటానికి ఒకటి ఇస్తున్నా: పి₄ + ఎన్ఎఓహెచ్ + హెచ్₂ఓ → పిహెచ్₃ + ఎన్ఎహెచ్₂పిఓ₂. ఫాస్ఫరస్ ఇటు −3కీ పోతుంది, అటు +1కీ పోతుంది. జవాబు వరసగా 1, 3, 3 → 1, 3.